లేదా, కనబడలేదా?

అక్క మాట్లాడటం మానేసింది గానీ తిట్టడం మానలేదు. మెట్ల కింద నీళ్ళ మోటారు ఉంది. పొద్దున్నే దిగొచ్చి దాని మీట నొక్కుతూ, "నీకేం తల్లీ, ఎవరి కొంప మునిగినా నీ పాటికి నువ్వు తిరుగుతూనే ఉంటావు" అంది. మోటారుకి చెవుల్లేవు. కింది వాటాలో వంటింటి కిటికీ దగ్గర నిలబడి మధ్యాహ్నానికి డబ్బా సర్దుకుంటున్న చెల్లెలికి ఉన్నాయి. చెల్లెలు డబ్బా మూత నొక్కింది. సరిగ్గా పడలేదు. మళ్ళీ నొక్కింది.

అక్క తిరిగి పైకి వెళ్తూ ఒక మెట్టు వదిలేసి ఆ పై మెట్టు మీద కాలేసింది. వదిలేసిన మెట్టు చంటోడిది. ఏ జాతో ఎవరూ చెప్పలేని గోధుమరంగు కుక్క. బతికినన్నాళ్ళూ ఆ మెట్టుకి అడ్డంగా పడుకొని, వచ్చేపోయే వాళ్ళందరి చేతా దాటించుకునేవాడు. పిల్లలు లేని అక్కకి వాడే పిల్లాడు. వాడు పోయి నెల దాటింది. అక్క కాలు మాత్రం ఇంకా ఆ మెట్టు మీద పడదు.

బావ చెప్పులేసుకుంటూ దిగి కిటికీ దగ్గర ఆగాడు. "ట్యాంకు నిండాక మోటారు నువ్వు ఆపాలట. మీ అక్క చెప్పమంది."

"అదేదో తననే చెప్పమను బావా."

"తను చెప్పదుగా. మీ ఇద్దరి మధ్యా నేనొకణ్ణి పోస్టు డబ్బాని ఉన్నాగా." గొంతు తగ్గించాడు. "తప్పయిపోయింది అక్కా అని ఒక్క మాట అనెయ్యరాదూ. నీ సొమ్మేం పోయింది? నాలుగు ఏడుపులు ఏడ్చి మీరిద్దరూ ఒకటవుతారు. నాక్కాస్త మనశ్శాంతి."

"చెయ్యని తప్పుకా?"

"రక్తం గొట్టాలు నువ్వే మార్చేశావని మీ మేనేజరు మా మొహం మీద చెప్పాడు కదే. మీ అత్తగారి కంటి ఆపరేషనుకి ఊరెళ్ళే తొందరలో ఉన్నావనీ, మా వాడి గొట్టం బదులు ఇంకో కుక్కది పరీక్ష చేసుంటావనీ."

ఆ మాట విన్నప్పుడల్లా చెల్లెలికి అరికాలి మంట నెత్తికెక్కుతుంది. "ఆయన నోరు పడిపోను. నేనేం మార్చలేదు బావా. మీ వాడికి జ్వరం వచ్చిన మర్నాడే రక్తం తెచ్చారు. కిట్టు పెట్టాను. 'ఏమీ కనబడలేదు, రక్తంతో పీసీఆర్ చెయ్యాలి' అని విడిగా కాగితం మీద రాసి పెట్టి ఊరెళ్ళాను. ఆయన నేను రాసింది పక్కన పడేసి, అక్కకి ఫోన్ చేసి 'ఏమీ లేదు' అన్నాడు."

"రెండూ ఒకటేగా" అన్నాడు బావ.

ఇదిగో, ఇక్కడే వస్తుంది చిక్కంతా. నెల రోజులుగా ఎవరికి చెప్పుకున్నా ఇదే మాట. చెల్లెలు గట్టిగా ఊపిరి పీల్చుకుంది. "ఎలా ఒకటవుతాయి? ఇంట్లో దొంగ దూరాడనుకో. పోలీసులు రావడానికి టైం పడుతుందా లేదా? ఆ కిట్టు దొంగని చూడదు బావా, పోలీసులొచ్చారా అని చూస్తుంది. జబ్బు పట్టుకున్న మొదటి వారంలో ఒంట్లో ఇంకా విరుగుడు పుట్టదు. కిట్టులో ఏమీ కనబడదు. పోలీసులు కనబడలేదు కాబట్టి దొంగ లేడంటే ఎలా? అప్పుడు దొంగనే వెతకాలి. దానికే పీసీఆర్."

బావ తల ఊపాడు. అర్థమై ఊపాడో, ఆఫీసుకి ఆలస్యమవుతోందని ఊపాడో అతనికే తెలియాలి. "ఇదంతా మీ అక్కకి చెప్పు" అని వెళ్ళిపోయాడు.

చెప్పలేదా? ఎన్నిసార్లు చెప్పలేదు? మెట్ల మీద నిలబడి చెప్పింది. మూసిన తలుపుకి చెప్పింది. అక్క లోపల్నించి గిన్నెల చప్పుడు పెంచింది. వాడి కళ్ళు పచ్చబడి, నీళ్ళు కూడా ఇమడక, అక్క ఒళ్ళోనే పోతే, పక్కన లేని చెల్లెలు ఏం చెబితే మాత్రం ఎవరు వింటారు?

చెల్లెలు పనిచేసే లాబ్ ఒక మేడకి కింది అంతస్తు. ముందు గదిలో బల్ల, ఫోను, గోడవారగా కుర్చీలు. లోపలి గదిలో సెంట్రిఫ్యూజు, ఫ్రిజ్, మైక్రోస్కోపు, మూలగా పీసీఆర్ యంత్రం. రోడ్డుకి అవతల జంతువుల ఆసుపత్రి. అక్కడ తీసిన రక్తం ఇక్కడికొస్తుంది, ఇక్కడి మాట అక్కడికి పోతుంది.

చెల్లెలు చేతులకి తొడుగులు వేసుకొని మొదటి గొట్టం తీసేసరికి ఫోను దగ్గర కూర్చునే అమ్మాయి వచ్చి వెనకాల నిలబడింది. చంటోడి గొడవ తరవాత మేనేజరు పెట్టిన పద్ధతి ఇది. చెల్లెలు ఏ గొట్టం ముట్టుకున్నా ఫోనమ్మాయి వచ్చి దాని మీది చీటీ పైకి చదవాలి.

"నల్ల కుక్క, ఆడది, దగ్గు" అని చదివింది ఆ పిల్ల, నేల చూపులు చూస్తూ. "ఏమనుకోకండి మేడం."

"నిన్నేమంటానే. చదువు."

ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక్క గొట్టం మారలేదు. ఇప్పుడు ఒకటో తరగతి పిల్లకి అక్షరాలు దిద్దించినట్టు, తన బల్ల దగ్గర ఇంకొకరు నిలబడి చదవడం. చదివిన ప్రతిసారీ ముందు గదిలో కూర్చున్న వాళ్ళు ఇటు చూస్తారు. ఈవిడేనటమ్మా అన్నట్టు చూస్తారు. మేనేజరు కోరుకున్నదీ అదే.

మేనేజరుకి లాబ్‌లో అందరూ పెట్టిన పేరు నవ్వుల సారు. ఫోనెత్తితే చాలు, అవతలి వాళ్ళకి కనబడుతుందేమో అన్నట్టు పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతాడు. "నెగటివ్ అండీ. ఏమీ లేదు. హాయిగా ఉండండి." ఆయనా ఒకప్పుడు ఈ బల్ల దగ్గర పనిచేసినవాడే. కుర్చీలోకి వెళ్ళాక మాత్రం, రిపోర్టు కింద రెండు మాటలు రాసే చోటు తీసేయించాడు. ఇదేమిటని అడిగితే చెప్పాడు, "కనబడలేదు అని రాశావనుకోమ్మా, మళ్ళీ ఎప్పుడు కనబడుతుందని అడుగుతారు. ఆ పరీక్ష ఏంటి, ఈ పరీక్ష ఏంటి అంటారు. రోజంతా వాళ్ళతో సరిపోతుంది. 'లేదు' అంటే పోయె. జనానికి కావల్సింది ఆ ఒక్క మాటే."

ఆ రోజు మధ్యాహ్నం లోపలి గది తలుపు తోసుకొని వచ్చిన నవ్వుల సారు మొహం మీద నవ్వు లేదు. చేతిలో రెండు గొట్టాలున్నాయి. ఒకటి ఎర్ర మూతది, ఒకటి ఊదా మూతది.

"దొరసానిది" అన్నాడు.

దొరసాని ఆయన కుక్క. తెల్లగా, బొచ్చుగా ఉంటుంది. ఒంటరి మనిషి, దానికి పెట్టందే తను తినడని ఫోనమ్మాయి చెబుతుంటుంది. చెల్లెలు గొట్టాలు అందుకుంది. "ఏమైంది సార్?"

"నిన్నట్నించి ఒళ్ళు కాలిపోతోంది. వెనక కాళ్ళు ఈడుస్తోంది. పళ్ళెం వంక చూడట్లేదు. డాక్టరు లెప్టో ఏమో అంటున్నాడు. మా షెడ్డు వెనక ఎలుకలున్నాయిలే, ఆ గుంటలో నీళ్ళు తాగినట్టుంది. త్వరగా కిట్టు పెట్టమ్మా."

ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళు తాగితే కుక్కలకి వచ్చే జబ్బే లెప్టో. ముందు జ్వరం. తరవాత కళ్ళు పచ్చబడటం. ఆ తరవాత మూత్రపిండాలు. చంటోణ్ణి మింగింది అదే. మొదట్లోనే పట్టుకుంటే మామూలు మందులకి లొంగుతుంది. వదిలేస్తే ఎవరికీ లొంగదు.

ఫోనమ్మాయి చీటీ చదవడానికి వచ్చింది. మేనేజరు ఆ పిల్లని చేత్తోనే పొమ్మన్నాడు. చెల్లెలు అది చూసింది. తన కుక్క దగ్గరికొచ్చేసరికి ఎవరూ చదవక్కర్లేదన్నమాట. ఈ చేతుల మీద నమ్మకం ఇప్పుడు ఎక్కణ్ణించి ఊడిపడిందో.

ఎర్ర మూత గొట్టాన్ని సెంట్రిఫ్యూజులో పెట్టి తిప్పింది. పైన తేలిన సీరం ఒక్క చుక్క తీసి కిట్టు గుంటలో వేసింది, మీద ద్రావకం వేసింది. తడి పాకుతూ పోయింది. కిట్టు పనిచేస్తోందని చెప్పే గీత వచ్చింది. దాని పక్కన రావల్సిన రెండో గీత రాలేదు. రాదు. రెండో రోజున ఎందుకొస్తుంది? ఆ సంగతి ఈ లాబ్‌లో తనకొక్కదానికే తెలుసనుకుంది.

మేనేజరు ముందు గదిలో నిలబడి ఉన్నాడు. చెల్లెలు తొడుగులు విప్పి, చెత్తడబ్బాలో వేసి, నిదానంగా చేతులు కడుక్కొని, తుడుచుకొని బయటికొచ్చింది.

"నెగటివ్ సార్. ఏమీ లేదు" అంది. ఆగి, ఆయన రోజూ ఫోనులో సాగదీసినట్టే సాగదీసింది. "హాయిగా ఉండండి."

మేనేజరు ఆవిడ వంక రెప్పవేయకుండా చూశాడు. తరవాత నవ్వబోయాడు. సగమే వచ్చింది. "సరేనమ్మా" అని వెళ్ళిపోయాడు.

చెల్లెలు లోపలికొచ్చి స్టూలు మీద కూర్చుంది. నెల రోజులుగా కడుపులో రగులుతున్నదాని మీద ఎవరో నీళ్ళు చల్లినట్టుంది. అబద్ధం ఆడలేదు. ఆయన నేర్పిన మాటే, ఆయన నేర్పినట్టే అంది. ఇప్పుడు ఆయన కూడా హాయిగా ఉంటాడు. ఆ తెల్ల కుక్క కళ్ళు పచ్చబడేదాకా ఉంటాడు. అనుభవించనీ. ఒళ్ళో పెట్టుకొని కూర్చుంటే ఎలా ఉంటుందో తెలియనీ.

పీసీఆర్‌కి పనికొచ్చే ఊదా మూత గొట్టాన్ని ఫ్రిజ్‌లో పెట్టింది. పారేద్దామా అని ఒకసారి అనుకుంది గానీ, పారెయ్యలేదు.

మర్నాడు మేనేజరు అందరికంటే ముందొచ్చాడు. చెల్లెలు కోటు వేసుకుంటుండగా లోపలి గదిలోకి వచ్చి తలుపు వేశాడు. గడ్డం గీసుకోలేదు. చొక్కా నిన్నటిదే, దాని మీద తెల్ల వెంట్రుకలు అంటుకొని ఉన్నాయి.

"నిన్న ఏమీ లేదన్నావు" అన్నాడు. "లేదా, కనబడలేదా?"

చెల్లెలి చెయ్యి కోటు బొత్తాం దగ్గర ఆగిపోయింది.

"ఏంటి సార్?"

"అడిగింది అర్థం కాలేదా? లేదా, కనబడలేదా? రాత్రంతా ఆలోచించాను. రెండో రోజున కిట్టు ఏం చూపిస్తుంది, మొహం. నేను ఆ బల్ల దగ్గర పనిచేసినవాణ్ణే కదమ్మా. కంగారులో నేనూ మర్చిపోయాను. ఊదా మూతది ఉందా, పారేశావా? దాంతో పీసీఆర్ పెట్టు. ముందు అది చెయ్."

తెలుసు. ఈయనకి తెలుసు. తెలియక చేశాడనే అనుకుంది ఇన్నాళ్ళూ. కుర్చీలో కూర్చొని చదివింది మర్చిపోయాడు, బద్ధకం, జనంతో మాట్లాడటం విసుగు, ఏదో ఒకటి. కాదు. లేదుకీ కనబడలేదుకీ తేడా తన కుక్క దాకా వచ్చేసరికి పొద్దు పొడవకముందే గుర్తొచ్చింది. అక్క కుక్కకి మాత్రం గుర్తు రాలేదు. గుర్తు రాకపోగా, తప్పు తన నెత్తిన రుద్దాడు. చెల్లెలికి ఒళ్ళంతా మండింది. ఎదురుగా ఉన్న సీసా తీసి ఆయన మొహాన కొట్టాలనిపించింది.

"ఉంది సార్. పెడతాను" అంది.

ఆయన వెళ్ళగానే గొట్టం తీసింది. రక్తంలోంచి కావల్సినంత మటుకు వేరు చేసి, కడిగి, మళ్ళీ కడిగి, చిన్న బుడ్డిలోకి తీసి యంత్రంలో పెట్టింది. పక్కనే క్రిమి ఉందని తెలిసిన నమూనా ఒకటి, లేదని తెలిసినది ఒకటి. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. బుర్ర మాత్రం ఇంకెక్కడో ఉంది. ఆ మాట అక్క వినాలి. ఇప్పుడు ఈ గదిలో అన్నాడే, అదే మాట, ఆ నోటితోనే, అక్క చెవిన పడాలి. తను చెబితే పనికిరాదు. ఆయనే అనాలి.

మధ్యాహ్నం దాటాక తెర మీద గీత కదిలింది. కాసేపు నేలబారుగా పోయి, ఉన్నట్టుండి పైకి లేచింది. క్రిమి ఉంది. చెల్లెలు రెండుసార్లు చూసుకుంది. పక్క నమూనాలు రెండూ ఎలా ఉండాలో అలాగే ఉన్నాయి. అనుమానమేం లేదు.

ఫోను మోగింది. రోడ్డుకి అవతల ఆసుపత్రి నుంచి మేనేజరు. దొరసానిని అక్కడే ఉంచాడట.

"వచ్చిందా అమ్మా?"

చెల్లెలు తెర మీద గీత వంక చూస్తూ, "ఇంకా లేదు సార్. రేపు పొద్దుటికి గానీ రాదు" అంది.

"డాక్టరు ఇంజక్షను మొదలెట్టేద్దామంటున్నాడు."

అవతలి వాళ్ళు ఏం చేసినా తను నోరు మూసుకొని ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. "ఇప్పుడే వద్దు సార్. రక్తం మళ్ళీ కావల్సి రావచ్చు. మందు పడితే క్రిమి చిక్కదు, మీకు తెలియందేముంది. రేపటిదాకా ఆగమనండి."

"నిజమేలే" అన్నాడు మేనేజరు. "నువ్వు చెప్పినట్టే చేస్తాం."

ఫోను పెట్టేసి చెల్లెలు తెర ఆపేసింది.

సాయంత్రం బావ వీధి చివర స్కూటర్ ఆపి పళ్ళు ఏరుకుంటుంటే పట్టుకుంది. "రేపు పొద్దున అక్కని లాబ్‌కి తీసుకురా బావా."

"నీ ఉద్యోగం ఉన్న వీధిలోకే రానంటుంది. లాబ్‌కి ఎలా వస్తుందే?"

"నన్ను ఉద్యోగంలోంచి తీసేస్తున్నారట, మేనేజరు అందరి ముందూ నిలబెట్టి అడుగుతాడట అని చెప్పు. పరుగెత్తుకొస్తుంది."

బావ చేతిలో పండు అలాగే పట్టుకొని చూశాడు. "ఏం మనుషులే మీరు. ఒక్క కడుపునే పుట్టారా, లేక ఒకళ్ళని చూసి ఒకళ్ళు నేర్చుకున్నారా?"

"తీసుకొస్తావా, లేదా?"

"వస్తుందిలే. చీర కూడా మంచిది కట్టుకొని వస్తుంది."

ఆ పూట చెల్లెలు రెండుసార్లు అన్నం పెట్టుకుంది. పడుకుంటూనే నిద్రపట్టింది.

అక్క నిజంగానే మంచి చీర కట్టుకొనే వచ్చింది. ముందు గదిలో గోడవారగా కుర్చీలో, ఒళ్ళో సంచి పెట్టుకొని, ఆట మొదలవడానికి ఎదురు చూస్తున్నట్టు కూర్చుంది. పక్కన బావ గోళ్ళు చూసుకుంటున్నాడు. పిల్లి బుట్టతో ఒకావిడా, ఫోనమ్మాయీ ఉన్నారు. చెల్లెలు లోపలి గది గుమ్మంలో నిలబడింది. అక్క చెల్లెలి తల మీదుగా గోడ గడియారం చూసింది.

మేనేజరు రోడ్డు దాటి గబగబా లోపలికొచ్చాడు. కుర్చీల వైపు చూడనైనా లేదు. "వచ్చిందా?"

"పీసీఆర్ ఎందుకులే అని ఆపేద్దామనుకుంటున్నాను సార్" అంది చెల్లెలు, గదిలో అందరికీ వినబడేలా.

"ఏంటి?"

"మొన్న కిట్టులో నెగటివ్ వచ్చిందిగా. నెగటివ్ అంటే ఏమీ లేనట్టే. మీరు అందరికీ చెప్పే మాటే కదా."

మేనేజరు మొహం జేవురించింది. "బుద్ధుందా నీకు? కనబడకపోతే లేనట్టేనా? మొదటి వారంలో కిట్టుని ఎవడైనా నమ్ముతాడా? కొత్తగా చేరిన వాళ్ళకి కూడా తెలిసిన సంగతి అది. కనబడలేదంటే రక్తంతో మళ్ళీ వెతకాలని కదా అర్థం. ఇన్నేళ్ళొచ్చాయి, ఆ మాత్రం తెలీదా?"

"తెలుసు సార్" అంది చెల్లెలు. "మీకు తెలుసో లేదో అని."

కుర్చీ జరిగిన చప్పుడైంది. అక్క లేచి నిలబడింది. సంచి ఒళ్ళోంచి జారి కింద పడింది, తీసుకోలేదు.

"మా చంటోడిదీ మొదటి వారమేనండి" అంది.

మేనేజరు తిరిగి చూశాడు. ఎవరో గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. గుర్తుపట్టాక ఆ నవ్వు అలవాటు కొద్దీ వచ్చి, ఎక్కడ ఉండాలో తెలియక పెదాల మీద తచ్చాడింది. "అది వేరమ్మా..."

"ఏం వేరండీ? జ్వరం వచ్చిన మర్నాడే తెచ్చాం. ఫోను చేసి ఏమీ లేదన్నారు. ఇంకా ఏమన్నా చేయించాలా అని నేను అడిగాను. హాయిగా ఉండండి అన్నారు. నేను హాయిగా ఉన్నాను." అక్క గొంతు పెరగలేదు. "అది మాది, ఇది మీది. అంతేగా వేరు."

పిల్లి బుట్ట ఆవిడ బుట్టని దగ్గరికి లాక్కుంది. ఫోను మోగితే ఫోనమ్మాయి ఎత్తలేదు. మేనేజరు ఏదో అనబోయాడు. చేతులు మాత్రం లేచాయి. చెల్లెలు గుమ్మంలోనే నిలబడి అంతా చూసింది. ఆయన మెడ మీద నరం కొట్టుకోవడం చూసింది. నెల రోజులుగా ఇది ఎలా ఉంటుందా అని ఊహించుకుంది. ఊహించుకున్న దానికంటే బాగుంది.

"ఉంది సార్" అంది, చివరికి. "మీ దొరసానికి లెప్టో ఉంది. మందు మొదలెట్టమనండి."

ఆయన వచ్చినవాడు వచ్చినట్టే తిరిగి రోడ్డు దాటాడు. ఎదురొచ్చిన బండివాడు తిట్టింది కూడా వినిపించుకోలేదు.

అక్క వంగి సంచి తీసుకుంది. చెల్లెలి ముందుకొచ్చి నిలబడింది. ఇన్నాళ్ళకి మొదటిసారి ఆవిడ మొహంలోకి సూటిగా చూసింది. కళ్ళు నిండి ఉన్నాయి.

"ఎన్నిసార్లు చెప్పావే నాకు" అంది. "తలుపు కూడా తియ్యలేదు."

చెల్లెలు అక్క చెయ్యి పట్టుకుంది. "నువ్వు ఆయన నోటితో వినాలని అక్కా. నిన్న సాయంత్రానికే ఫలితం వచ్చేసింది. నువ్వొచ్చేదాకా ఆపి ఉంచాను. నీకోసమే."

అక్క చేతిలో చెయ్యి అలాగే ఉంది. పట్టు మాత్రం వదులైంది.

"నిన్న సాయంత్రమా?"

"ఆఁ."

"మరి మందు?"

బావ గోళ్ళు చూసుకోవడం ఆపేశాడు.

"నిన్నే అడిగేది. డాక్టరు మందు మొదలెట్టాడా?"

"మొదలెడతానన్నాడు. నేనే ఆగమన్నాను."

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంగుతో కళ్ళు తుడుచుకొని, తుడిచిన చోటే మళ్ళీ తుడుచుకుంది. "రాత్రి అన్నం తిన్నావా?" అంది.

"తిన్నాను."

"నిద్రపట్టిందా?"

అబద్ధం చెప్పాలనే అనుకుంది. అక్క ముందు ఆ మాట నోరు దాటలేదు. "పట్టింది."

"మా వాడు పోయిన రాత్రి ఆ నవ్వులాయన కూడా తిని పడుకునే ఉంటాడు" అంది అక్క. "పద."

"ఎక్కడికి?"

"చూద్దాం పద, దాన్ని."

"నేను రానక్కా."

"వస్తావు" అంది అక్క, చిన్నప్పుడు పళ్ళు తోమించడానికి లాక్కెళ్ళినట్టు, వెనక్కి చూడకుండా నడుస్తూ. చెల్లెలు కోటు విప్పకుండానే వెనకాల నడిచింది.

ఆసుపత్రి గదిలో రేకు బల్ల మీద దొరసాని పక్కకి పడుకొని ఉంది. ముందు కాలికి సూది గుచ్చి, స్టాండుకి సీసా కడుతున్నాడు డాక్టరు. తెల్ల బొచ్చు తడిసి ఒంటికి అంటుకుంది. మనుషులు వచ్చిన అలికిడికి అది తల ఎత్తలేదు, కళ్ళు మాత్రం తిప్పింది. తెల్లగా ఉండాల్సిన చోట పసుపు. చెల్లెలు ఇన్నేళ్ళుగా ఈ జబ్బుని గొట్టాల్లోనూ తెర మీదా చూసింది. బల్ల మీద పడుకున్నప్పుడు ఎలా ఉంటుందో ఇంత దగ్గరగా చూడలేదు. అక్క చూసింది. అక్క తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి కుక్క చెవి వెనకాల వేలితో రాసింది.

బల్ల పక్కన కూర్చున్న మేనేజరు తల ఎత్తాడు. ఇద్దర్నీ చూసి ఏమనుకున్నాడో, ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"రండమ్మా" అన్నాడు అక్కతో. "ఏ మొహం పెట్టుకొని మాట్లాడను మీతో? మీ చెల్లెలు గొట్టాలేం మార్చలేదు. ఆ రోజు తను సరిగ్గానే రాసింది. నేనే తీసేశాను. మీరు వచ్చి నిలదీసేసరికి భయమేసి తన మీదికి తోశాను. ఎవరి ముందు చెప్పమన్నా చెబుతాను." తరవాత చెల్లెలి వైపు తిరిగాడు. రెండు చేతులూ దగ్గరికొచ్చాయి. "అంత చేసినా నువ్వు మనసులో పెట్టుకోకుండా దీన్ని పట్టుకున్నావమ్మా. సమయానికి పట్టుకున్నావు."

ఇన్నాళ్ళూ చెల్లెలు కోరుకున్న మాటలే అవి. ఒక్కటీ తక్కువ లేదు.

డాక్టరు సీసా మీట సరిచేస్తూ వెనక్కి తిరగకుండానే అన్నాడు, "నిన్న సాయంత్రం బాగానే ఉంది. నీళ్ళు తాగింది, తోక కూడా ఆడించింది. ఈ పసుపు పొద్దున మొదలైంది. ఏం చేస్తాం, రక్తం మళ్ళీ కావాలన్నారు కాబట్టి ఆగాల్సొచ్చింది. మూత్రపిండాలు ఎంత దెబ్బతిన్నాయో చూడాలి. బతుకుతుందో లేదో రేపటిదాకా చెప్పలేను."

"ఆగాలి కదండీ, తప్పదు" అన్నాడు మేనేజరు, చెల్లెలి తరఫున సర్ది చెబుతున్నట్టు.

అక్క చెల్లెలి వైపు చూడలేదు. ఆవిడ వేలు కుక్క చెవి వెనకాల నెమ్మదిగా కదులుతోంది.

"ఆగక్కర్లేదు సార్" అంది చెల్లెలు. "నిన్న సాయంత్రానికే ఫలితం వచ్చింది నాకు."

మేనేజరు చేతులు ఇంకా దగ్గరగానే ఉన్నాయి. ఆ మాట ఆయనకి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.